గీత దాటి పడే మూడో దెబ్బ

మంగళవారం పొద్దున వదిన ఫోన్ చేసింది. "తమ్మీ, మీ అన్న పోయిండు. టీ తాగి కప్పు పక్కకు పెట్టిండు, గంతే," అన్నది. నేను అమీర్‌పేటలో మెట్రో మెట్లు ఎక్కుతున్నాను. "ఏ టైముకు వదినా?" అని మాత్రం అడిగాను. రైలెక్కితే అన్న ఇల్లున్న పంజాగుట్ట ఒక్క స్టేషనే. అయినా కిందికి దిగి నడిచాను. ఒకచోట నిలబడడం చేతకాలేదు.

అన్న అంటే నాకు తోడబుట్టినవాడు కాదు. పాటలకు దరువు కట్టే మనిషి. మొదట స్టేజీ మీద ఎలక్ట్రానిక్ ప్యాడ్లు వాయించేవారు. మోకాళ్లు మొరాయించాక కంప్యూటర్‌కు మారారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ, జిరాక్సు షాపు పైన ఆయన గది. బోనాల పాటలైనా పెళ్లి ఊరేగింపు బరాత్ పాటలైనా అక్కడే తయారయ్యేవి. నేను ఫ్యాను బాగుచేయడానికి వెళ్లి, పని అయ్యాక కూడా కదల్లేదు.

"ఏం భాయ్, ఫ్యాను తిరుగుడు సూస్తున్నవా, పాట ఇంటున్నవా?"

"పాట."

"అయితే కూసో."

అంతే నా చదువు.

కంప్యూటర్ తెర మీద కాలం నిలువు గీతలుగా ఉంటుంది. దెబ్బను గీత మీద పెడితే కచ్చితంగా అప్పుడే మోగుతుంది. అన్నకు అది గిట్టదు. "మూడోది జర ఆగి పడాలె. గా ఆగుట్లనే జనం ఎగురుతరు," అనేవారు. ఏ దెబ్బ ఎంత ఆగాలో, ఏది ఎంత ముందు పడాలో తన వేళ్లతో ఒకసారి వాయించి, పాత ప్రోగ్రాములో దాచుకున్నారు. దాన్ని నడక అనేవారు. పాటకు ఆ నడక తగిలిస్తే, దెబ్బలు తెర మీద గీతల మీదే కనిపిస్తాయి, మోగేటప్పుడు మాత్రం అన్న చేతిలా మోగుతాయి.

మీ వాళ్లు నేతపని వాళ్లు కదా, ఈ నడక మగ్గం చప్పుడులోంచి వచ్చిందా అని ఒకాయన అన్నను భక్తిగా అడిగాడు. "మగ్గం లేదు, గిగ్గం లేదు. లక్డీకాపూల్‌ల బస్సు ఎనక ఉరికి ఉరికి వచ్చింది," అన్నారు అన్న.

వినేటప్పుడు ఆయన కుర్చీని గోడవైపు తిప్పుకునేవారు. "తెర సూస్తే చెవులు పండుకుంటయ్."

రెండేళ్ల కిందట పాత కంప్యూటర్ పాడయ్యే దశకు వచ్చింది. పదిహేను పాటలను కొత్త ప్రోగ్రాములోకి మార్చే పని నాకు అప్పగించారు. పాత ప్రోగ్రాములోంచి పాటను బయటికి తీసే ముందు నడకను దెబ్బల్లోనే స్థిరం చేయాలి, లేకపోతే గీతల మీది దెబ్బలే వస్తాయి, నడక అక్కడే ఉండిపోతుంది. ఆ సంగతి నాకు తెలియదు. అడగలేదు. అడగడం నాకు మొదటినుంచీ రాదు. దెబ్బలన్నీ ఉన్నాయో లేదో చూశాను, ఉన్నాయి. ఏ రోజు పని ఆ రోజు రాసుకునే పుస్తకంలో "మార్పిడి పూర్తి" అని రాసి, పాత డిస్కు తుడిచేసి, ఆ పెట్టెను పాతసామాన్ల బండికి ఇచ్చేశాను.

మర్నాడు అన్న గోడవైపు తిరిగి విన్నారు.

"ఏందిరా ఇది? బడిల డ్రిల్లు లెక్కున్నది."

ఏం జరిగిందో ఆ క్షణమే నాకు అర్థమైంది. అయినా, "కొత్త స్పీకర్లు గదన్నా. చెవులకు అలవాటు గావాలె," అన్నాను.

"స్పీకర్లా?"

"ఔనన్నా."

"సరే తియ్."

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటినుంచి ప్రతి కొత్త పాటకూ ప్రతి దెబ్బా వేళ్లతోనే వాయించారు. అరవై దాటిన వేళ్లు. నడుమ ఆగి నొక్కుకునేవారు. నిజం చెబుదామని రోజూ వెళ్లేవాణ్ని. టీ తెచ్చేవాణ్ని, వైర్లు సర్దేవాణ్ని, తిరిగి వచ్చేవాణ్ని.

అన్న పోయిన మూడో రోజు వదిన నన్ను పక్కకు పిలిచింది. "పదకొండోనాడు పాడేటోళ్లు వస్తరు. ఏడ్సుడు పాటలొద్దు, బరాత్ పాట పాడుండ్రి అని ముందే చెప్పిపెట్టిండు మీ అన్న. దరువు నువ్వు పెట్టు తమ్మీ. ఆయన కొట్టినట్టే ఉండాలె."

ఆ పాటకు గొంతు లేని దరువు నా దగ్గరే ఉంది, డ్రిల్లు లాంటిది. అన్న నడకతో ఉన్న పాత రికార్డింగు వదిన ఫోనులో దొరికింది, కానీ దాని నిండా గొంతే. అందులోంచి దెబ్బలు ఏరమంటే కొత్త ప్రోగ్రాము గాయకుడి కేకల్ని కూడా దెబ్బలుగా పట్టుకుంది. లేచేవాణ్ని, సందు చివరిదాకా నడిచేవాణ్ని, మళ్లీ వచ్చి కూర్చునేవాణ్ని. నాలుగు రోజులు అదే. చివరికి తట్టింది. పాట మొదట్లో గొంతు లేకుండా దరువు ఒక్కటే నాలుగు చుట్లు తిరుగుతుంది. నడక ప్రతి చుట్టుకూ ఒకటే కాబట్టి ఒక్క చుట్టు చాలు. దాన్ని కోసి, ఏ దెబ్బ గీతకు ఎంత దూరంలో పడుతోందో తీసి, డ్రిల్లు పాటకు తగిలించాను. మూడో దెబ్బ ఆగి పడింది.

పదమూడు పాటలకు ఆ నడక సరిపోయింది. మిగతా రెండింటికి అన్న వేరే నడక వాయించి పెట్టారు. వాటి రికార్డింగులు ఎవరి దగ్గరా లేవు. అవి పోయినట్టే.

పదోరోజు వదినకు అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"స్పీకర్లని జెప్పినవట గదా?"

"అన్నకు తెల్సా?"

"తెల్వకేంది? గా దినమే ఇంటికొచ్చి, 'నడకంత తుడిచిపెట్టిండే వీడు' అని నవ్విండు. గట్టిగ అడగరాదా అంటే, 'అడిగితే సిగ్గుపడి ఇగ రానే రాడు. వాడే చెప్తడు, ఆగు' అన్నడు." చేటలోంచి తలెత్తి చూసింది. "గింత లేటా తమ్మీ?"

చేట అందుకుని మిగతా బియ్యం నేను ఏరాను.

పదకొండో రోజు మేడ మీద షామియానా వేశారు. అన్నతో ఏళ్లకొద్దీ స్టేజీ మీద పాడిన గాయకుడు కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణానికే కూర్చున్నవాళ్ల భుజాలు కదిలాయి. చివరి పల్లవి అయ్యాక, ఇక దరువు ఆపమని అన్నకు సైగ చేసే అలవాటుతో ఆయన వెనక్కి తిరిగి చెయ్యి పైకెత్తాడు. వెనక ఒక బల్ల, దాని మీద నా ల్యాప్‌టాప్. దరువు సాగుతూనే ఉంది. ఆయన చెయ్యి దించలేదు.