రెండేళ్లు చదివించి అప్పుడు కళ్లు చూశారు: నిజామాబాద్, బోధన్‌లో ఒళ్లు మండిన ఒక రోజు

ఈసారి నేను చూడముచ్చటైన చోట్ల కోసం బయల్దేరలేదు. మా అన్న కొడుకు ప్రవీణ్ ఫోన్ చేసి, "అత్తా, నువ్వొక్కసారి నిజామాబాద్ రావాలె. బాపుకు మాత్రం చెప్పకు" అన్నాడు. ఇరవై రెండేళ్ల పిల్లాడు, ఫోనెత్తితే చాలు నన్ను ఆటపట్టించేవాడు, ఆ రోజు రెండు మాటలకే ఆగిపోయాడు. వాడు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో యూరప్ రైల్వేల్లో ఉద్యోగాలకు తయారుచేసే రెండేళ్ల డిప్లొమా చదువుతున్నాడు. డిచ్‌పల్లి యూనివర్సిటీలో పీజీ సీటు వస్తే అది వదులుకుని మరీ ఇందులో చేరాడు. వచ్చే నెలలో చివరి పరీక్షలు, అవి కాగానే జర్మనీ వెళ్లి రైలు నడపడం నేర్చుకోవాలి. ఇంత దూరం వచ్చాక వాడిని మెడికల్‌లో తీసేశారట. రైలు ప్రయాణాల మీద రాస్తాను కాబట్టి ఇలాంటి కోర్సుల గురించి మీలో చాలామంది నన్ను అడుగుతుంటారు. అందుకే ఆ రోజు సంగతంతా మొదటినుంచి చెబుతున్నాను, చేరబోయే ముందు చదవండి.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే మూడు, మూడున్నర గంటల్లో నిజామాబాద్‌లో దిగొచ్చు. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. మే నెల కాబట్టి కామారెడ్డి దాటకముందే కిటికీ ఊచలు కాలిపోతున్నాయి, నీళ్ల సీసాలు రెండు తెచ్చుకుంటే మంచిది. ప్రవీణ్ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. స్టేషన్ బయట ఒక బండి దగ్గర ఇద్దరికీ ఇడ్లీ చెప్పాను. వాడు ముక్క తుంపి చట్నీలో ముంచి అలాగే పట్టుకు కూర్చున్నాడు. బండి ఆయన చూసి చూసి, "ఏందక్కా, పిలగాడు తింటలేడు, చట్నీ కారమైందా?" అన్నాడు. "చట్నీ మంచిగనే ఉన్నదన్నా" అని ప్రవీణ్ ప్లేటు పక్కన పెట్టేశాడు.

"హైదరాబాద్‌ల మెడికల్ కాడ ఒక పుస్తకం చూపెట్టిండ్రత్తా. పేజీ నిండ రంగు చుక్కలే. ఆ చుక్కల నడుమ అంకె కనపడ్తదట అందరికి. నాకు కనపడలే. మజాక్ చేస్తున్నరనుకున్న. ఎర్రది, పచ్చది నాకు సక్కగ తెలుస్తలేవంట. పుట్టుకతోనే గంతేనట. మందు లేదట." ఇదీ వాడు చెప్పింది. మరి రెండేళ్లు సిగ్నళ్లు ఎలా చదివావురా అంటే, ఏ దీపం ఎక్కడ వెలిగితే ఏమిటో బట్టీ కొట్టాడట. కాలేజీలో రైలు నడపడం నేర్పే కంప్యూటర్ ఒకటుంటే దానిమీద కూడా పైదీపం, కిందిదీపం అని గుర్తుపెట్టుకునే నడిపాడు. అందరికీ అలాగే కనపడతాయనుకున్నాడు పిచ్చి నాయన. అసలు మాట ఇంకా రాలేదు. "పోయినేడు పరీక్షల ఒక ప్రశ్నొచ్చిందత్తా. రైలు నడిపేటోనికి ఏమేం ఉండాలె అని. రంగులు సక్కగ కనపడాలె అని నేనే రాసిన. మార్కులన్ని ఏసిండ్రు."

మీరే చెప్పండి. ఆ పాఠం చెప్పినవాడు, ఆ జవాబు దిద్దినవాడు, ఆ కోర్సు అమ్మినవాడు, ఇంతమందిలో ఒక్కరికైనా ఈ పిల్లల కళ్లు చూపిద్దామని తట్టలేదా? నేను లేచి చేయి కడుక్కుని ఆటో పిలిచాను. కాలేజీ పేరు చెప్పగానే ఆటో అతను వెనక్కి తిరిగి, "గా పెద్ద బోర్డు ఉంటది, దానిమీద మంచుగుట్టలల్ల రైలు పోతుంటది, గదేనా మేడమ్? మా అక్క బిడ్డను గూడ గా కాలేజీలనే ఎయ్యాలని చూస్తున్నం" అన్నాడు. స్టేషన్ నుంచి అక్కడికి ఎనభై రూపాయలు తీసుకున్నాడు, ఎక్కేముందే మాట్లాడుకోవడం మంచిది.

డైరెక్టర్ మర్యాదగానే కూర్చోమన్నాడు, చల్లటి నీళ్లు తెప్పించాడు. "మేడమ్, దీంట్లో కాలేజీ తప్పేముంది చెప్పండి? మెడికల్ చేసేది జర్మనీ కంపెనీ వాళ్లు. మాది చదువు చెప్పడం వరకే" అన్నాడు. చేర్చుకున్న రోజే కంటి పరీక్ష చేయించాల్సింది కదా అన్నాను. "ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఎవరు అడగాలి? రైలు నడిపేవాడికి ఏం కావాలో తెలిసింది మీకు, పాఠం పెట్టింది మీరు, మా అన్నలాంటి పల్లెటూరి రైతు వచ్చి మీకు గుర్తు చేయాలా? ఒక విషయం స్పష్టంగా చెబుతున్నాను, రంగులు తెలియనివాడికి రైలు ఇవ్వకూడదనే నియమం తప్పు కాదు, వందల మంది ప్రాణాలతో పని. ఆ నియమాన్ని పుస్తకంలో అచ్చు వేసుకుని, రెండేళ్ల తర్వాత పిల్లాడి నెత్తిన వేయడమే నా కడుపు రగిలించింది.

పోనీ రైలు నడపకపోతే వేళల పట్టికలు తయారుచేసే పనో, వర్క్‌షాపు పనో, రంగులతో అంత పట్టింపు లేనివి ఆ దేశాల్లో ఉండవా, ఆ దారి చూపించండి అన్నాను. తమ ఒప్పందం డ్రైవర్ల వరకేనన్నాడు. మీరు పంచే కాగితాల మీద 'రైల్వేలో అన్ని రంగాలకు' అని ఉంది కదా అంటే నవ్వాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి ప్రవీణ్ ముందు పెట్టాడు. సొంత కారణాల వల్ల కోర్సు మానేస్తున్నానని దానిమీద ముందే టైపు చేసి ఉంది, కింద సంతకానికి చోటు. చదువు పూర్తిచేసిన వాళ్లందరూ ఎంపికయ్యారని చెప్పుకోవాలి కదా, అందుకని ఎంపిక కానివాడు చదువే పూర్తి చేయకూడదు! సంతకం పెడితే చివరి పరీక్ష లేదు, డిప్లొమా లేదు, రెండేళ్లు గాలికి పోయినట్టే. పెట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వడట. "సాయంత్రం ఐదులోపు ఇచ్చేయ్ ప్రవీణ్, మిగతా పిల్లల భవిష్యత్తు కూడా ఆలోచించు" అన్నాడు. మా వాడు నిజంగానే పెన్ను తీశాడు. ఆ మంచితనం చూసి ఏడుపొచ్చింది నాకు, చేతిలోంచి పెన్ను లాగేసుకున్నాను. "బాపును అడగాలె సార్" అన్నాడు ప్రవీణ్, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ.

బోధన్‌కు బస్సే నయం. నిజామాబాద్ బస్టాండ్‌లో తరచుగా దొరుకుతాయి, గంట లోపే దింపేస్తాయి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. కండక్టర్ నా కార్డు చూసి, "హైదరాబాద్ నుంచి వచ్చినవా అక్క, గీ ఎండలనే దొరికిందా నీకు బోధన్ సూడనీకి" అని నవ్వాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. బోధన్‌లో దిగి మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్క నుంచి షేర్ ఆటోలో పది నిమిషాలు వెళితే మా అన్న ఊరు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు మా అన్న సాయన్న చెరకే వేశాడు, తర్వాత రెండెకరాల్లో పసుపు పెట్టి మిగతాది వరికి వదిలాడు. మేం వెళ్లేసరికి నడింట్లో పసుపు బస్తాల దగ్గర కూర్చుని మూతులు కుడుతున్నాడు. మా వదిన గంగామణి నన్ను చూసి, చెప్పాపెట్టకుండా వచ్చానని కోప్పడుతూనే జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఎక్కడ తిన్నా తినకపోయినా బోధన్ వైపు వస్తే ఎవరింట్లోనైనా పచ్చిపులుసు అడిగి తినండి, ఎండకు ప్రాణం లేచొస్తుంది.

తిన్నాక ప్రవీణే చెప్పాడు. తల వంచుకుని, ఎక్కడా ఆగకుండా, చుక్కల పుస్తకం నుంచి సంతకం దాకా అంతా చెప్పేశాడు. మొదట మాట్లాడింది వదిన. "మా బాపుకు గూడ గంతే ఉండె. మిరపతోటల పండ్లు తెంపుమంటె కాయలు తెంపుకొస్తుండె. మేం నవ్వుతుంటిమి" అంది. అంటూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో సుజాతా, గిది నా దిక్కెల్లి వచ్చిందా పోరనికి?" తల్లివైపు నుంచి రావడం మామూలేనని, అందులో నీ తప్పేమీ లేదని, తెలిసి చెప్పాల్సిన వాళ్లు వేరే ఉన్నారని నేను ఎంత చెప్పినా ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఇన్నేళ్లు ఇంట్లో నవ్వుకున్న మాట ఒక్క మధ్యాహ్నంలో ఆమెకు నేరమైపోయింది, అందుకు కూడా ఆ కాలేజీ మీదే నాకు కోపం.

మా అన్న మూతి కుట్టని బస్తా ఒకటి దగ్గరికి లాక్కున్నాడు. బస్తాలోంచి ఒక పసుపు కొమ్ము తీసి ప్రవీణ్ చేతికిచ్చాడు. వాడు అలవాటుగా పుటుక్కున విరిచి, "మంచిగెండింది బాపు" అన్నాడు. "సూసినవా సుజాతా. వీడు సప్పుడుతోనే చెప్తడు. లోపల రంగెట్లున్నదిరా అంటె, నువ్వే సూడు బాపు అంటడు. నాకు గిప్పుడు సమజైతున్నది" అన్నాడు. తర్వాత ఆ విరిగిన ముక్క నాకు చూపించాడు. "మార్కెట్ల పసుపు కొనేటోడు ముందుగాల గిట్ల ఇర్శి సూస్తడు. సూశినంకనే ధర చెప్తడు. ఇంటికి తీస్కపోయి రెండేండ్లు ఉంచుకోని, గిప్పుడు రంగు లేదు, నువ్వే వాపస్ తీస్కపోతున్న అని రాసియ్యి అంటె ఊకుంటమా? నా కొడుకు పసుపుకన్న అగ్గువనా?" అని లేచి చెప్పులేసుకున్నాడు. "పా, ఐదు గాకముందే పోదాం."

మేం ముగ్గురం తిరిగి కాలేజీకి చేరేసరికి వాకిట్లో షామియానా కింద కొత్త అడ్మిషన్ల వాళ్లు కూర్చుని ఉన్నారు. తల్లులు, తండ్రులు, చేతిలో సర్టిఫికెట్ల కవర్లతో పిల్లలు. డైరెక్టర్ మైకులో జర్మనీ గురించి చెబుతున్నాడు. లోపల గదిలో మాట్లాడదామని నేనింకా అనేలోపే మా అన్న వెనక నుంచి గట్టిగా, "సార్, గీ పిల్లలందరి కండ్లు సూపిచ్చిండ్రా?" అన్నాడు. డైరెక్టర్ తడబడి, "పెద్దాయనా, మనం తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. అప్పుడు ప్రవీణ్ ముందుకు వెళ్లాడు, పొద్దున ఇడ్లీ ముక్క మింగలేనివాడు. "నేను గిక్కడ రెండేండ్లు చదివిన. ఫెయిల్ గాలే. రంగులు సక్కగ కనపడకపోతె రైలు నడపనియ్యరు. నాకు కనపడయ్. గీళ్లు ముందుగాల కండ్లు సూపియ్యలే, పోయిన వారం మెడికల్‌ల తెలిసింది. మీరు ఫీజు కట్టకముందే తెలుసుకోండ్రి. నా తీరు గావద్దు" అన్నాడు.

ముందు వరుసలో ఒకామె కొడుకు చేయి పట్టుకుని లేచి, "గీ టైముకు కండ్ల డాక్టర్ ఉంటడా?" అని పక్కామెను అడిగింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు, తర్వాత వరుస మొత్తం లేచారు. పొద్దున ససేమిరా అన్న డైరెక్టర్ మమ్మల్ని గదిలోకి పిలిచి, చిన్న పొరపాటు జరిగింది, పెద్దది చేయకండి అంటూ నేను నిలబడి ఉండగానే హాల్ టికెట్ తీయించి ఇచ్చాడు. తలుచుకుంటే నిమిషంలో అయ్యే పని అది, నలుగురిలో పరువు పోతుందంటే గానీ చేయలేదు, సిగ్గులేని మనిషి. ప్రవీణ్ జేబులోని కాగితం తీసి, సంతకం లేకుండానే టేబుల్ మీద పెట్టాడు. డిప్లొమా వాడికి దక్కుతుంది. జర్మనీ మాత్రం పోయింది, దాన్ని ఎవరి అరుపులూ తెచ్చిపెట్టలేవు.

సాయంత్రం రైలుకు నన్ను ఎక్కించడానికి తండ్రీకొడుకులిద్దరూ స్టేషన్‌కు వచ్చారు. ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ మారగానే ప్రవీణే ముందు చూసి, "అత్తా, పైదీపం ఎలిగింది, ఎక్కు" అన్నాడు. మా అన్న వాడి భుజం మీద చేయి వేసి అటే చూస్తూ నిలబడ్డాడు. రైల్లో కూర్చున్నాక కూడా నా కోపం చల్లారలేదు. దూరదేశాల రైళ్లకు మన జిల్లాల నుంచి పిల్లలను తయారుచేయడం మంచి పనే, నేనూ సంతోషించేదాన్నే. కానీ ఆ దేశాల పాఠాలు తెచ్చుకున్నవాళ్లు అక్కడ మొదటిరోజు చేసే పనిని మాత్రం ఎందుకు తెచ్చుకోలేదు? పిల్లాడికి ఏది సరిపోతుందో ముందు చూసుకుని ఆ తర్వాత చదువు చెప్పాలి. ప్రవీణ్‌కు ముందే తెలిసుంటే ఇప్పటికి డిచ్‌పల్లిలో పీజీ చేతికొచ్చేది.

ఈ కోర్సుల కోసం నిజామాబాద్ వచ్చేవాళ్లు ఒక్క పని చేయండి: స్టేషన్‌లో దిగగానే కాలేజీకి కాదు, ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి రంగుల పరీక్ష కావాలని అడగండి, ఆ తర్వాతే ఫీజు మాట ఎత్తండి. అదేమంత పెద్ద పరీక్ష కాదు. ఆ చుక్కల పుస్తకం ముందు మా ప్రవీణ్ కూర్చున్నది చాయ్ చల్లారేంతసేపేనట.