గేటు తెర మీద ఏసోబు

మా వీధిలో ఎవరో ఇంటికి సున్నం వేయిస్తున్నారు. తొట్టిలో నీళ్లు పోయగానే సున్నం బుసబుసమని ఉడికింది. ఆ ఘాటు గొంతులోకి దిగేసరికి నరసరావుపేటలో మెట్ల మీద కూర్చున్న నేను పిడుగురాళ్ల దగ్గరి సున్నపురాయి క్వారీలోకి వెళ్లిపోయాను. నా మొదటి ఉద్యోగం అక్కడే. క్వారీలోని కంప్యూటర్లు, కెమెరాలు సుభద్ర గారు చూసేవారు. నేను ఆవిడ కింద పనిచేసేదాన్ని.

చేరిన రోజే నన్ను ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ తీసుకెళ్లి, తెర మూలనున్న టైమ్ చూడమన్నారు. ఆఫీసులో, లారీలు తూచే కాటా దగ్గర ఒకే టైమ్ ఉంది. గేటు గదిలో మాత్రం వేరే. "నెట్‌వర్క్‌లో ఉన్నవి ఆఫీసు సర్వర్‌ని అడిగి టైమ్ సరిచేసుకుంటాయి కవితా. గేటుకి వైరు తెగింది. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు చేత్తో పెడుతున్నారు," అన్నారు. కొత్త వైరు కావాలని ఆవిడ అడుగుతూనే ఉన్నారు. కాస్త తేడా ఉంటే లారీలేమైనా ఆగుతాయా అని మేనేజర్ గారు దాటవేస్తూనే ఉన్నారు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం క్వారీ గోడ విరిగిపడింది. దుమ్ము అణిగాక చూస్తే అందరూ ఉన్నారు, డ్రిల్లు నడిపే ఏసోబు తప్ప. పొక్లెయిన్‌తో రాళ్లు తీయిస్తూనే, మేనేజర్ గారు గేటు కెమెరాలో రికార్డయింది చూడమన్నారు. గేటు గదిలోని తెర మీద ఏసోబు కనిపించాడు. తలకు తువ్వాలు, ఒంటి నిండా తెల్లటి దుమ్ము. అన్నం తిని నింపాదిగా లోపలికి వస్తున్నాడు. మూలనున్న టైమ్ ప్రకారం అప్పటికే గోడ కూలిపోయింది.

"అయితే కింద లేడు. కూలింది చూసి భయపడి ఎటో పోయుంటాడు. ఇంకా పెళ్లలు రాలతన్నాయి, మిషన్ ఆపండి," అన్నారు మేనేజర్ గారు.

మిషన్ ఆగింది. క్వారీ అంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఏసోబు భార్య మరియమ్మ తెర ముందు చతికిలబడి, మళ్లీ పెట్టమని అడుగుతోంది. పెట్టిన ప్రతిసారీ అతను నడిచి వస్తున్నాడు, ఒకే చోట తలెత్తి మా వైపు చూస్తున్నాడు. సుభద్ర గారు అతన్ని చూడటం లేదు. మూలనున్న అంకెలనే చూస్తున్నారు.

"ఆఫీసుకెళ్లి సర్వర్ టైమ్ ఫోన్లో చెప్పు," అన్నారు. పరుగెత్తి వెళ్లి చెప్పాను.

నేను తిరిగొచ్చేసరికి ఆవిడ మేనేజర్ గారితో అంటున్నారు: "ఇది అరగంట ముందు నడుస్తోంది సార్. ఏసోబు లోపలికెళ్లాకే గోడ కూలింది."

మరియమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నడుస్తన్న మనిషిని చంపబాక మేడమ్మా."

"నడిచింది నిజమే మరియమ్మా. కానీ అది కూలకముందు సంగతి." ఆవిడ మేనేజర్ గారి వైపు తిరిగి, "మిషన్ పెట్టించండి. ఏమన్నా అయితే ఆ బాధ్యత నా మీద వేసుకుంటాను," అన్నారు.

పొద్దు వాలకముందే దొరికాడు. రెండు బండల మధ్య సందులో, ఊపిరితో. ఒక కాలు మాత్రం తీసేయాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో చూడటానికి వెళ్లినప్పుడు ఏసోబు పైకప్పు వైపే చూస్తూ మాట్లాడాడు. "మిషన్ చప్పుడు ఆగినాక అరిచా మేడం. నోటి నిండా దుమ్ము. నా అరుపు నాకే ఇనబళ్ళా. ఇంక వదిలేశారనుకున్నా."

మరియమ్మ మెల్లగా అంది. "అప్పుడు నేను ఆ డబ్బాలో నిన్నే చూసుకుంటా కూర్చున్నా."

సుభద్ర గారు దుప్పటి అంచు సర్ది బయటికి వచ్చి, వరండాలో గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడిపోయారు.

ఆ వారమే కొత్త వైరు వచ్చింది. గేటు కంప్యూటర్‌ను ఆవిడ నా చేతే నెట్‌వర్క్‌లో కలిపించారు. నేను చూస్తుండగానే టైమ్ వెనక్కి గెంతింది. ఆ అరగంట ఏమైపోయిందని అడిగాను. "అసలు లేనిదేగా," అన్నారు, తెర వైపు చూడకుండా.

సుభద్ర గారు ఇప్పుడు లేరు. నేను ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటున్నాను. వాటి గడియారాలన్నీ ఒకే టైమ్ చూపిస్తాయి, అది ఆవిడ నేర్పిన పని. అయినా కెమెరా తెర మీద ఎవరైనా ఒంటరిగా నడిచిపోతూ కనిపిస్తే నాకు కుదురు ఉండదు. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో, లేచి బయటికి వెళ్లి నా కళ్లతో చూసుకుంటేగాని తిరిగొచ్చి కూర్చోలేను.