కడిగిన కంచం

దెయ్యాలూ గియ్యాలూ అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. నా ఉద్యోగమే నమ్మకపోవడం. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు "అంతా బాగానే ఉంది" అంటే, "ఏదీ, చూపించు" అనడానికే కంపెనీ నాకు జీతం ఇచ్చేది. అందుకే ఈ సంగతి ఎక్కువమందికి చెప్పలేదు. చెప్పినవాళ్లలో కొందరు నవ్వారు. వాళ్ల చోట నేనున్నా నవ్వేదాన్నే.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మాది తెనాలి వైపు. నాన్న పోయాక అమ్మను తెచ్చుకుని మణికొండలో అద్దెకుండేదాన్ని. ఆఫీసు హైటెక్ సిటీలో. ముప్పై దాటాక నాకు లా చదవాలని బుద్ధి పుట్టింది. "నీతో వాదించలేక నేనొక్కదాన్ని చస్తున్నది చాలదూ, ఇక జడ్జీలు కూడానా" అంది అమ్మ. అంటూనే ఆ ఆదివారం చర్చిలో నా సీటు కోసం ప్రార్థన చేయించింది.

లా ఎంట్రన్స్‌లో నన్ను ఏడిపించింది లాజికల్ రీజనింగ్. రెండు మూడు వాక్యాలిస్తారు. అవి నిజమైతే ఆ తర్వాతది కూడా తప్పనిసరిగా నిజమేనా, కాదా చెప్పాలి. అంతే. నాతోపాటు అదే పరీక్షకు చదివే పిల్ల స్వరూప, మా టీములోనే పనిచేసేది. జనగామ దగ్గర ఊరు. మియాపూర్ హాస్టల్లో ఉండేది. నాకన్నా చిన్నది, అక్కా అని పిలిచేది.

మా సాధనకు పద్ధతి పెట్టింది స్వరూపే. పుస్తకంలో ఇంగ్లిష్ ప్రశ్న చదివి, పుస్తకం మూసేసి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అడగాలి. వినేవాళ్లు "తేలింది" అనో "తేలలేదు" అనో ఒక్క మాట చెప్పాలి. క్యాంటీన్లో భోజనం అవగానే అదే పని. సెలవు రోజైతే ఫోన్లో.

"వాన వడితె రోడ్డు తడుస్తది. రోడ్డు తడిసింది. వాన వడ్డట్టేనా?"

నేను ఠక్కున "తేలింది" అనేదాన్ని.

"నీళ్ల ట్యాంకర్ కారిందేమో, నువ్వు జూసినవా? జర ఆగక్కా. కనవడ్డది వేరే, తేలింది వేరే."

పక్క టేబుళ్లవాళ్లు మమ్మల్ని వింతగా చూసేవాళ్లు. అప్పటికే మా ఆఫీసులో ఆంధ్రావాళ్లు ఒక బల్ల దగ్గర, తెలంగాణవాళ్లు ఒక బల్ల దగ్గర తినడం మొదలైంది. మేమిద్దరం మాత్రం ఒకే బల్ల.

ఒక ఆదివారం స్వరూప మా ఇంటికి భోజనానికి వచ్చింది. అమ్మ చేపల పులుసు చేసింది. తింటూ తింటూ, వచ్చే బంద్ రోజు ఊరేగింపుకు పోతున్నానని చెప్పింది.

"ఉద్యోగం చేసుకునే ఆడపిల్లవి. ఆ లాఠీల మధ్య నీకేం పనమ్మా?" అంది అమ్మ.

"అందరు పోతుంటె నేనొక్కదాన్ని ఇంట్ల కూసుంటె నాకు నిద్ర వట్టదమ్మా."

అమ్మ మొహం గంటు పెట్టుకుంది. పిల్ల అటు వెళ్లగానే, "మనల్ని పొమ్మనేవాళ్లకి మనింట్లో పులుసా" అంది. ఆ వారమంతా స్వరూప పేరెత్తితే మాట మార్చేసేది. నాకు బాధనిపించింది. అమ్మకి ఆ పిల్ల గిట్టలేదని అర్థమైపోయింది.

బంద్ రోజు బస్సులు లేవు, ఆటోలు లేవు. ఇంటి నుంచే పని చేయమన్నారు. ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగుల్లో ఉన్నాను. అమ్మకి షుగర్. భోజనానికి ముందు వేసుకునే మాత్ర మర్చిపోతుందని రోజూ మాత్రల అట్ట చూడటం నాకలవాటు. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే మాత్ర వేసుకున్నట్టే ఉంది. కంచం కడిగి బోర్లించి ఉంది. అమ్మ గది తలుపు దగ్గరగా వేసుంది. తిని పడుకుందని నిశ్చింతగా వచ్చి పనిలో కూర్చున్నాను.

మధ్యాహ్నం స్వరూప ఫోన్ చేసింది. తెర మీద పేరు చూసే ఎత్తాను. వెనక నినాదాలు లేవు, బండ్ల చప్పుడు లేదు. గొంతు మామూలుగానే ఉంది.

"అక్కా, ఒక్కటే అడుగుత. షుగర్ గోలి ఏసుకున్నోళ్లు అన్నం తినాలె. ఒకామె గోలి ఏసుకుంది. ఆమె కంచం కడిగి ఉంది. ఆమె తిన్నట్టేనా?"

"తేలింది" అన్నాను, కళ్లు ల్యాప్‌టాప్ మీద పెట్టే.

"జర ఆగక్కా. కంచం కడిగినట్టు తేలింది. తిన్నట్టు తేలలే."

ఫోన్ కట్టయింది. ఊరేగింపులో ఉండి కూడా ఈ పిల్లకి ఇదేం పిచ్చి అని నవ్వుకున్నాను. మరుక్షణం బోర్లించిన కంచం గుర్తొచ్చింది. లేచి వంటింట్లోకి పరిగెత్తాను. కుక్కర్లో అన్నం పైపైన కూడా చెదరలేదు. కూర గిన్నెలో గరిటె పెట్టిన జాడ లేదు.

అమ్మ మంచం మీద చెమటలతో తడిసి ముద్దయి ఉంది. పిలిస్తే కళ్లు తెరవలేదు. మూలుగుతోంది, అంతే. షుగర్ పడిపోయిందని అర్థమై, పంచదార వేలితో తీసి చిగుళ్లకి రుద్దాను. కింది ఫ్లాట్ ఆయన తన కారు తీశాడు. టైర్లు కాలుతున్న చోట కుర్రాళ్లు మా కారు ఆపి, లోపల అమ్మను చూసి, వాళ్లే అడ్డం తీసి పంపించారు. ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక డాక్టరు, "ఇంకాసేపు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదు" అన్నాడు.

అమ్మ సర్దుకున్నాక స్వరూపకు ఫోన్ చేశాను. స్విచాఫ్. ఎన్నిసార్లు చేసినా అంతే.

సాయంత్రం ఆమే చేసింది. సంగతి విని, దొరికిన బండి ఎక్కి, మిగతా దూరం నడిచి ఆసుపత్రికి వచ్చింది. మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది.

"నువ్వు ఫోన్ చేయబట్టి అమ్మ బతికిందే" అన్నాను.

"నేనెక్కడ చేసినక్కా? పొద్దుగాల్నే వ్యాన్ల ఎక్కించి ఠాణాకు తీస్కవోయిన్రు. అందరి ఫోన్లు బంద్ జేసి డబ్బల ఏసుకున్నరు. సాయంత్రం ఇడిసిపెట్టినంకనే మల్ల ఇచ్చిన్రు."

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. నా దాంట్లో ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చినట్టుంది. ఆమె దాంట్లో నాకు చేసినట్టు లేదు. ఎవరైనా ఠాణాలో తీసి చేశారనుకుందామా? ఆ ప్రశ్న ఎవరు అడుగుతారు? ఆ గొంతు నాకు తెలియదా? లేదూ, నా మనసు గమనించిందే ఆమె గొంతుతో నాకు వినిపించిందనుకుంటే, ఫోన్లో ఆ పేరు ఎలా వచ్చింది?

అమ్మ కళ్లు తెరిచి చూస్తోంది. నాకు ఒక్కసారిగా కోపం, ఏడుపు రెండూ తన్నుకొచ్చాయి. "తినకుండా కంచం ఎందుకు కడిగావు?" అన్నాను.

"ఉపవాస ప్రార్థన మొక్కుకున్నాను. చెబితే ఉండనిస్తావా? మాత్ర మానేస్తే అట్ట చూసి కనిపెడతావు. కడిగిన కంచం కనిపించకపోతే తినలేదని కేకలేస్తావు."

"నా సీటు కోసం ప్రాణం తీసుకుంటావా అమ్మా?"

"నీ సీటుకేం తొందరే" అంది. స్వరూప మోచేతి వైపు చూసింది. "ఈ పిల్ల కోసం. దెబ్బలేమీ తగలకుండా ఇంటికి చేరితే చాలు ప్రభువా అనుకున్నాను."

స్వరూప అమ్మ పాదాలు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ కాళ్లు వెనక్కి లాక్కుని, "పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా?" అని అడిగింది.

ఇప్పుడు నేను కోర్టులో వాదిస్తాను. ప్రతి మాటకీ సాక్ష్యం అడుగుతాను. ఆ ఫోన్ సంగతి మాత్రం అమ్మనడిగితే అందులో వింతేముందంటుంది. స్వరూపనడిగితే అమ్మ ప్రార్థన అంటుంది. నేనొక్కదాన్నే ఇంకా ఆలోచిస్తున్నాను.