చార్మినార్ ఎక్కాలని

మా మేనత్త సత్తెనపల్లి దగ్గర మిరపకోతలకు వెళ్లేది. హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా ఆమె అడిగే మాట ఒకటే: "చార్మినార్ పైకి ఎక్కనిస్తారంటయ్యా?" ఎక్కనిస్తారంటే ముఖం విప్పారేది. ఏటా కోతలయ్యాక వెళ్దామనేది, ఏటా ఏదో అడ్డొచ్చేది.

చివరికి ఒక వేసవిలో నేనే తీసుకెళ్లాను. నాలుగు మెట్లెక్కేసరికి ఆమె మోకాళ్లు మొరాయించాయి. గోడ పట్టుకుని కాసేపు నిలబడింది.

"నా వల్ల కాదమ్మా. నువ్వెక్కు, కిందనుంచి చూస్తా" అంది.

మనసొప్పకపోయినా ఎక్కాను. పైనుంచి చూస్తే అత్త గాజుల కొట్టు ముందు ఎవరో బుర్ఖా ఆవిడ భుజం తట్టి నన్ను చూపిస్తోంది. ఇద్దరూ చేతులూపారు.

దిగొచ్చాక, "ఆవిడతో ఏం చెప్పావత్తా?" అని అడిగాను.

"మా అన్న కూతురని చెప్పా. మా ఇంట్లో మొదట ఎక్కింది ఈ పిల్లేనని చెప్పా."