వాన తిన్నాడన్నారు

మా చిన్నాయన పోయాడు. పావగడ బస్టాండులో నిలబడి ఉంటే మా ఊరి బస్సు కండక్టరు మెట్టు మీద నుంచే అరిచి చెప్పాడు, "మీ చిన్నాయన తెల్లారేసరికి పోయినాడంటప్పా, ఎక్కు ఎక్కు!" దారి పొడుగునా బస్సులో అందరూ ఆయన గొంతు గురించే మాట్లాడుకున్నారు. ఎట్లాంటి గొంతప్పా, ఏం రాగమప్పా అని. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఆ గొంతు ఒక్కడికీ గుర్తు రాలేదు మరి!

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ఆయన గురించి మంచే రాస్తాను. మిగిలినవాళ్ల సంగతి మాత్రం నన్ను అడగొద్దు.

చిన్నాయన డ్రామా మనిషి. మావైపు పల్లెల్లో ఎవరి నాటకం వాళ్లే నేర్చుకుని ఆడతారు కానీ, రాజు వేషానికి మాత్రం బయటి నుంచి గట్టి నటుణ్ణి పిలిపిస్తారు. రాయచెర్లు నుంచి వెంకటమ్మనహళ్లి దాకా ఆ గట్టి నటుడు మా చిన్నాయనే. శెనక్కాయలు పండి ఇల్లు చేరితే ఊరూరా నాటకం, ఆయన ఇంట్లో పొయ్యి వెలిగేది. పంట పోతే నాటకమూ లేదు, పొయ్యీ లేదు. సెంటు భూమి లేని మనిషి, ఆయన మబ్బు వైపు చూసినంతగా ఏ రైతూ చూసి ఉండడు.

పెళ్లిచూపులకు పోయినప్పుడు చిన్నమ్మ వాళ్ల నాయన అడిగాడట, "అబ్బాయి ఏం చేస్తాడప్పా?" అని. డ్రామాలు ఆడతాడని చెప్పారు. "అది సరేప్పా, పనేంది?" అన్నాడట. ఈ సంగతి చిన్నాయనే పగలబడి నవ్వుతూ చెప్పేవాడు. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

పంచె కొంగున నాలుగు మిరియాలు ముడేసుకుని తిరిగేవాడు. ఎండాకాలంలో కూడా చల్లటి కుండనీళ్లు ముట్టడు, గొంతు పోతుందని భయం. పని లేని నెలల్లో శెనక్కాయలు ఒలిచే కూలికి పోతే, చేతులు ఒలుస్తుండగానే నోరు పద్యం ఎత్తుకునేది. పక్కనున్న కూలీలు చేతులాపి వినేవాళ్లు, మేస్త్రీ ఆయన్ని తిట్టేవాడు. "వేషమేసుకుంటే రాజు, కడుక్కుంటే కూలోడు. మద్దెన ఉండేది సబ్బు తుండొకటే" అనేవాడు చిన్నాయన.

వానలు ఎగ్గొట్టిన ఏడు మా ఊళ్లలో దేవుడి పేరున వాన నాటకం ఆడిస్తారు. రాజు వేషం కట్టేవాడు ఆ రోజు పొద్దున్నుంచి, నాటకం ముగిసి హారతి ఇచ్చేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. రాజు నిష్ఠగా ఉంటే రాజ్యంలో వాన కురుస్తుందని నమ్మకం.

ఆ కరువు ఏడు, శెనక్కాయ పైరు మొలిచి వాడిపోతుంటే, మా ఊరివాళ్లే చిన్నాయనను పిలిచారు. వాళ్లకు అది ఒక్కరోజు ఉపవాసం. ఆయన ఇంట్లో అంతకు ముందు నుంచే పస్తులు. ఆ సంగతి తెలియనివాడు ఊళ్లో లేడు. పొద్దుగూకే వేళ ముఖానికి రంగు వేసుకుంటూ కళ్లు తిరిగి పడిపోయాడు. చిన్నమ్మ ఎవరినో అడిగి తెచ్చి, రాగిసంగటి ఒక్క ముద్ద, ఒకే ఒక్క ముద్ద నోట్లో పెట్టింది. తెర కట్టడానికి వచ్చిన ఊరి పెద్దమనిషి తమ్ముడు చూశాడు. చూసి నోరు మూసుకున్నాడు. అప్పుడే చెబితే నాటకం ఆగిపోతుంది కదా!

ఆ రోజు చిన్నాయన పాడుతుంటే ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. వాన మాత్రం రాలేదు. చేలు మాడిపోయాక తమ్ముడి నోరు తెరుచుకుంది. పెద్దమనిషి టీ అంగడి ముందు నిలబడి అందరూ వినేలా అన్నాడు, "రాజే ఉపాసం చెడగొట్టినాడు. ఇంక వాన యాడ నుంచి వస్తాది? వాడు తినింది సంగటి గాదు, మన వాననే తినేసినాడు."

అంతే. వాన తిన్నోడని పేరు పడిపోయింది. మళ్లీ ఏ ఊరూ పిలవలేదు. పైరు ఏపుగా ఉన్న ఏడు ఆయనే సిగ్గు విడిచి అడగబోతే, "వద్దులేప్పా, పైరింకా చేన్లోనే ఉండాది" అని వాకిట్లోంచే పంపించారు. తర్వాతి కరువులో ఇంకో నటుణ్ణి తెచ్చారు. అతను ఉమ్మి కూడా మింగకుండా నిష్ఠగా ఆడాడు. అప్పుడూ చినుకు రాలలేదు. "కాలం చెడిపోయిందిలే" అనుకుని ఇళ్లకు పోయారు. చెప్పండి, ఇదెక్కడి న్యాయం?

నేను కొట్లాటకు పోతానంటే చిన్నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "పోనీలేరా. వాళ్ల చేన్లు ఎండిపాయ. ఎవుర్నో ఒకర్ని తిట్టుకోవల్ల గదా." ఆ మంచితనం మీద నాకిప్పటికీ కోపమే.

చివరికి పావగడలో శెనక్కాయల మిల్లులో మూటలు మోశాడు. మిరియాలు దాచుకుని కాపాడుకున్న గొంతులోకి పొట్టు దుమ్ము చేరింది. ఆఖరి ఏళ్లలో నన్ను పేరు పెట్టి పిలవాలన్నా దగ్గు తెర వచ్చేది.

నేను పోయేసరికి ఇంటి ముందు జనం. ఆ పెద్దమనిషే పూలదండ వేసి, "మన ఊరికి పేరు తెచ్చిన కళాకారుడప్పా" అంటున్నాడు. కళాకారుడట! వాన తిన్నోడు ఎక్కడికి పోయాడో!

పాడె లేపే ముందు పోయినవాళ్ల నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేయడం మా ఆచారం. చిన్నమ్మ వేసింది, నేను వేశాను. తర్వాత ఊరివాళ్లు వరసగా నిలబడ్డారు, ముందు పెద్దమనిషి. ఆయన వంగబోతుంటే చిన్నమ్మ చిన్నాయన నోటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆకలై పడిపోతే ఒక ముద్ద తిన్యాడు. దానికే వాన పాయ అంటిరి. ఇప్పుడు ఈ నోట్లో ఏ ధైర్యంతో ఏస్తారప్పా? రేపు వాన రాకుంటే మళ్లా ఈ నోటినే గదా అనేది?"

మేము పాడె లేపేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. పెద్దమనిషి పిడికిలి మూసుకుని వాకిట్లోనే ఉన్నాడు. చావు బియ్యం ఇంటికి తీసుకుపోకూడదు. పారబోద్దామంటే, చిన్నమ్మ ఎదురుగా నిలబడి చూస్తోంది.