ఒకటో నంబరు

పోలింగు బూత్ బయట అంటించిన ఓటర్ల జాబితాలో ఇప్పటికీ మొదటి పేరు చదవలేను. చూపు దానంతటదే రెండో పేరు మీదికి జారిపోతుంది.

తొంభై నాలుగులో ఒమాన్‌లో, మస్కట్ దగ్గరి అల్ అమెరాత్‌లో ఒక కట్టుబడి కంపెనీలో టైపిస్టుగా ఉండేవాణ్ణి. పనివాళ్లంతా కరీంనగర్ వైపువాళ్లు. మేనేజరుకు తెలుగు రాదు కాబట్టి వాళ్ల మాటలు ఆయనకు ఇంగ్లీషులో చెప్పడమూ నా పనే. మస్కట్ నగరంలో దార్సైట్ పేటలో కాపురం, నోట్లో ఇంగ్లీషు. కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆ ఏడాది వాళ్ల ఊళ్లలో ఎన్నికలొచ్చాయి. వాళ్ల ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు. వాళ్ల కూలి కోసం కొట్లాడిన బీడీ కార్మిక సంఘం నాయకుడు అసెంబ్లీకి నిలబడ్డాడు. ప్రచారం జీపుకు, గోడ రాతలకు డబ్బు కావాలి. క్యాంపులో తలా రెండు రియాళ్లు వేసుకున్నారు. ఆ దేశంలో సంఘమన్న మాటే నేరం. అందుకని పళ్లెం బోర్లించి సున్నా గీసి, చందా ఇచ్చినవాళ్ల పేర్లు దాని చుట్టూ రాసుకున్నారు. ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకూడదు కదా.

ఆ కాగితం ఒక పెద్ద మేస్త్రీ నా దగ్గరికి తెచ్చి, నాయకుడికి మంచి ఉత్తరం రాసిపెట్టమన్నాడు.

"ఏంటిది, గుడుగుడు గుంచం ఆడుతున్నారా?" అని పకపకా నవ్వాను. ఆఫీసు మిషన్ మీద ఇంగ్లీషులో కొట్టి, పేర్లకు వరసగా నంబర్లు వేశాను. తెచ్చిన మనిషి కదా అని ఆయన్నే ఒకటో నంబరు చేశాను. గౌరవించాననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"గిట్ల వరుసగ రాస్తే ఎట్ల సారూ? మొదటోడు దొరుకుతడు గద."

"ఆఫీసు పద్ధతి ఇంతేనయ్యా. నీకేం తెలుసు?" అన్నాను.

రెండు రోజులకు రూముల తనిఖీలో ఆ ఉత్తరం ఆయన దిండు కింద దొరికింది. మేనేజరు ఆయన్ను ఎదురుగా నిలబెట్టి, మాటలు చెప్పడానికి నన్ను పిలిచాడు. అందరినీ పంపేస్తే పని ఆగిపోతుంది, ఒక్కణ్ణి పంపితే మిగతావాళ్లకు బుద్ధొస్తుందన్నాడు. వేలు ఒకటో నంబరు మీద పెట్టాడు.

"దీన్ని టైపు చేసిందెవరో అడుగు" అన్నాడు.

ఆ మాటే తెలుగులో అడిగాను.

మేస్త్రీ నా మొహంలోకి చూడలేదు. "బజార్ల టైపు షాపుల కొట్టిచ్చిన సాబ్. తప్పంత నాదే" అన్నాడు.

ఆయన అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు. మేనేజరు నమ్మాడు.

మర్నాడు ఆయన్ను విమానం ఎక్కించేశారు. ఆ ఉద్యోగం నేను ఇంకో ఆరేళ్లు చేశాను.