గాలం తెలిసిన డ్రైవరు

పోయిన శుక్రవారం కువైట్‌లో, ఫర్వానియాలోని మా గదికి మా తమ్ముడి కొడుకు పొడుగాటి అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. ఇక్కడే ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాడు, ఈమధ్య స్నేహితులతో సముద్రం ఒడ్డున చేపలు పట్టే సరదా పుట్టిందట. ఫోనులో చూసి గాలపు కడ్డీ తెప్పించుకున్నానని, పెదనాన్నా నువ్వు ఈ సంగతులు తెలిసినోడివి కదా, ఎరగా కట్టే ఈ ప్లాస్టిక్ చేపలకు ఇది పనికొస్తుందో లేదో చెప్పమని నా చేతిలో పెట్టాడు. దాని పిడి నా గుప్పిట్లోకి రాగానే, నమ్మండి నమ్మకపొండి, నాకు ఒళ్ళంతా చెమట్లు పట్టాయి. బీపీ మాత్ర పొద్దునే వేసుకున్నాను, గదిలో ఏసీ గుర్రుమంటోంది, అయినా నుదుటి మీద నుంచి కారుతూనే ఉంది. వాడు నవ్వి, ఏంది పెదనాన్నా, కట్టెను జూసి పామును జూసినట్ల బెదుర్తాండావే అన్నాడు. వాడికేం చెప్పను? ఇంటి పనోళ్ళకిచ్చే ఖాదిం వీసా మీద వచ్చి, పాస్‌పోర్టు ఇంకొకరి బీరువాలో పెట్టి, పనోళ్ళను తెప్పించి, నచ్చకపోతే తిప్పి పంపే మక్తబ్ ఆఫీసు పేరు వింటే గేటువైపు చూసుకునే రోజులు చూసిన మన తరం వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది రాజంపేట దగ్గర ఒక పల్లె. బోర్లు ఎండిపోయి అరటి తోట నిలువునా వాడిపోయిన ఏడాది, చంటిబిడ్డతో భార్యను పుట్టింట్లో దిగబెట్టి నేను డ్రైవరుగా కువైట్ దారి పట్టాను. మమ్మల్ని పంపిన ఏజెంటుది ఒకటే మంత్రం, వాళ్ళు ఏమడిగినా ఎస్ అను, తెలీదన్నావంటే నీ వెనక ఇరవైమంది నిలబడున్నారు. ఆ మంత్రం మీ అందరికీ కూడా చెప్పే ఉంటారు, దాంట్లో సందేహం లేదు. మక్తబ్ వాళ్ళు ఫోనులో కలిపినప్పుడు నాకు వీసా ఇచ్చే యజమాని, నా కఫీల్ కాబోయే మనిషి, బండి నడపడం గురించి ఒక్క ముక్కా అడగలేదు, సముద్రం తెలుసా, గాలంతో చేపలు పట్టడం తెలుసా అని వచ్చీరాని హిందీలో అడిగాడు. ఎస్ అన్నాను. మా చెయ్యేరులో ఏడాదికి పది నెలలు ఇసుకే పారుతుంది, చేప అనేది నేను పెనం మీద తప్ప ఎక్కడా ఎరగను, అయినా నా నోటికి ఆ ఎస్ ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

కఫీల్ ఇంట్లో ఆయన తండ్రి ఉండేవాడు, మేమంతా పెద్ద బాబా అనేవాళ్ళం. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సగం చచ్చుబడింది. ఒకప్పుడు చదువుకని అమెరికా వెళ్ళి, అక్కడి చెరువుల్లో బాస్ అనే చేపను ప్లాస్టిక్ చేపలతో పట్టడం నేర్చుకున్నాడట, ఆ అలవాటు ఇక్కడి సముద్రానికి కూడా తెచ్చుకుని హమూర్ చేపలు పట్టేవాడు. వారానికొకసారి ఆయన్ని సముద్రానికి తీసుకెళ్ళడమే డ్రైవరు అసలు పని, మిగతాదంతా కొసరు. నాకంటే ముందు ఇద్దరు డ్రైవర్లు వచ్చి పోయారని, మొదటి మూడు నెలల్లో నచ్చకపోతే నన్ను కూడా మక్తబ్‌కు తిప్పి పంపొచ్చని వచ్చిన రోజే తెలిసింది. మా ఊళ్ళో ఒకాయన్ని ఇరవై రోజులకే తిప్పి పంపితే, పాపం ఆయన్ని పోయేదాకా రిటర్నోడు అనే పిలిచారు, ఆయన భార్యను రిటర్నోడి పెండ్లాం అన్నారు, బడిలో పిల్లల్ని కూడా వదల్లేదు. నాకు రాత్రీ పగలూ ఆ పేరే చెవుల్లో మోగేది.

ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది, పెద్ద బాబాను చూసుకునే అక్క. నరసాపురం వైపు బెస్తవాళ్ళ పిల్ల, శుక్రవారం పొద్దున చర్చికి, ఆయన వెంట సముద్రానికి తప్ప గడప దాటేది కాదు, అరబ్బీ మాత్రం ఇక్కడ పుట్టినదానిలా మాట్లాడేది. ఆమెతో కూడా నేను నిజం చెప్పలేదు. భయం మనిషిని ఎంత ఒంటరిని చేస్తుందో చూడండి.

మూడో వారంలో నా నెత్తిన పిడుగు పడింది. పాత డ్రైవరు చేతిలో విరిగిపోయి, అప్పటిదాకా సముద్రానికి పోకుండా నన్ను కాపాడిన కడ్డీకి బదులు కొత్త కడ్డీ, రీలు కొనుక్కురమ్మని చెప్పి కఫీల్, పెద్ద బాబా గాలాల డబ్బాలోంచి ఒక ప్లాస్టిక్ చేప తీసి చూపించాడు. బొటనవేలంత ఉంది, మూతి కింద నాలుకలాంటి రేకు, కడుపు కింద మూడేసి ముళ్ళున్న గాలాలు రెండు. క్రాంక్‌బెయిట్ అంటారట, లాగేకొద్దీ ఆ రేకు వల్ల తలొంచుకుని లోపలికి మునుగుతూ వణుకుతుంది. దీనికి ఎలాంటిది కావాలో నీకు తెలుసు కదా, వచ్చే శుక్రవారం నేనూ వస్తాను, నీ పనితనం చూస్తాను అన్నాడు. నేను మామూలుగానే ఎస్ బాబా అన్నాను. వణకడంలో ఆ ప్లాస్టిక్ చేపకు నాకు పెద్ద తేడా లేదు.

మిర్కాబ్‌లో ఒక సందులో ఆ సామాన్ల కొట్టు ఉండేది, కొట్టాయన మలయాళీ. ఆయన హిందీలో ఏవేవో అడిగాడు, బిరుసుదా మెత్తదా, వేగంగా చుట్టేదా నెమ్మదిగా చుట్టేదా, సాగే తీగా సాగని తీగా. అర్థమైనా కాకపోయినా అన్నిటికీ హా జీ అన్నాను. పారకు కర్ర కొనేవాడిలా, విరగకూడదు, గట్టిగా ఉండాలి, అంతే నా లెక్క. అన్నిట్లోకీ బిరుసైన కడ్డీ, అన్నిట్లోకీ వేగంగా తిరిగే రీలు, చేత్తో తెంపలేని తీగ తీసుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాను.

అక్క వంటింట్లో ఆ కడ్డీ కొనను నేలకు ఆనించి ఒకసారి నొక్కి చూసింది. ఆమె మొహంలో రంగు మారింది. “ఓరి నాయనో, ఇదేం గెడ తమ్ముడూ, గునపంలాగుంది! ఈ మూడు ముళ్ళ గేలాలు చేప పెదవికి అలా తగులుకుంటాయంతే, గెడ వంగకపోతే ఒక్క ఇసురుకి పెదవి చిరిగి చేప పోద్ది. అది పోతే పోయిందిగానీ, ఆ ముసలాయన భుజం ఏమైపోద్దనుకున్నావ్? నిజం చెప్పు, నువ్వెప్పుడన్నా గేలం ఏసావా?”

నేను అక్కడే కింద కూలబడ్డాను. “లేదక్కా, సచ్చిపోయినాను. నన్ను ఎనక్కి పంపిస్తే నేను మా ఊరికి పోలేనక్కా, యాడన్నా పడి సావాల్సిందే” అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. అక్క తిట్టింది, తర్వాత టీ ఇచ్చింది, తర్వాత, లే, కొట్టు మూసేలోపు పోయి, నాకేం తెలీదు బాబూ అని కొట్టాయన కాళ్ళు పట్టుకో అంది.

కువైట్‌లో దిగాక తెలీదు అన్న మాట నా నోట్లోంచి వచ్చింది ఆ కొట్టులోనే మొదటిసారి. కొట్టాయన నవ్వలేదు. నువ్వు డ్రైవరువి కదా, ఎత్తెక్కేటప్పుడు బండి ఏ గేరులో పెడతావు అనడిగాడు. రెండో గేరన్నాను. ఆ రేకు నీళ్ళను తోసుకుంటూ బరువుగా లాగుతుంది, అందుకని రీలు కూడా నెమ్మది గేరుదే కావాలి, లేకపోతే చెయ్యి పడిపోతుంది, ఎర చేపకు అందనంత వేగంగా పరిగెత్తుతుంది అన్నాడు. కడ్డీ సగందాకా వంగాలి, అప్పుడే చేప ఎరను నోట్లోకి తీసుకునేదాకా అది లాగేయకుండా ఆగుతుంది, తీగ కొంచెం సాగేది కావాలి, ఆ కుదుపు ముసలాయన చేతిదాకా రాదు అంటూ అన్నీ మార్చి ఇచ్చాడు. పెద్దగా కష్టమైన సంగతేం కాదు, ఐదు నిమిషాల్లో అర్థమైపోయింది. దీనికోసమా నేను మూడు వారాలు అన్నం సయించక చచ్చింది అనిపించింది.

శుక్రవారం వచ్చింది. రాళ్ళ కట్ట మీద కుర్చీ వేసి పెద్ద బాబాను కూర్చోబెట్టాం, వెనకాల కఫీల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కాస్త దూరంలో అక్క. పెద్ద బాబా కుడి చేత్తో విసిరి, కడ్డీ మొదలును చచ్చుబడిన చంకలో ఇరికించుకుని రీలు తిప్పుతుంటే చూడముచ్చటగా ఉంది, నా కళ్ళు మాత్రం కఫీల్ మొహం మీదే. ఎన్నిసార్లో విసిరాడు, ఉన్నట్టుండి కడ్డీ సగందాకా విల్లులా వంగిపోయింది. అలా వంగాలనే కొన్నాను, వంగుతుందని కొట్టాయన చెప్పాడు, అక్క చెప్పింది, అయినా ఆ క్షణంలో అవేవీ గుర్తు రాలేదు. “ఇరగతాది బాబా, ఇరగతాది!” అని తెలుగులో కేకలు పెట్టాను. హమూర్ రాళ్ళ దగ్గరికొచ్చి, ఆ ముళ్ళన్నీ ఆడించుకుంటూ తోక కొడుతుంటే, చేతిలో చేపనెత్తే వలగరిటె ఉన్నవాణ్ణి ముందుకు పోకుండా మూడడుగులు వెనక్కేశాను. ఆఖరికి కఫీల్ తెల్లటి దిష్‌దాషా అంగీ తడుపుకుంటూ తనే వంగి పైకి తీశాడు.

ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. తండ్రివైపు తిరిగి ఏదో గట్టిగా అన్నాడు, పెద్ద బాబా వంకరపోయిన నోటితో నిదానంగా ఏదో జవాబు చెప్పాడు, చివర్లో ఖలాస్ అన్నాడు. నాకు తెలిసింది ఆ ఒక్క మాటే, అక్కను అడిగితే తనకు వినబడలేదంది. ఖలాస్ అంటే అయిపోయింది. ఇంటికొచ్చి సంచి సర్దుకుని, మక్తబ్ బండి కోసం గేటు దగ్గర రెండు రోజులు చెవులు రిక్కించాను. బండి రాలేదు. నెల తిరిగేసరికి ఇక్కడ ఉండేందుకు అనుమతి ముద్ర, ఇఖామా, కొట్టించారు.

మీరు భయం పోయిందనుకుంటారు. పోలేదు, ఇంకా పెరిగింది. ఎందుకు ఉంచారో తెలీనివాడికి ఎప్పుడు పంపేస్తారో కూడా తెలీదు కదా. తొమ్మిదేళ్ళు, ప్రతి శుక్రవారం ఈరోజు బయటపడిపోతాను అనుకుంటూనే ఆ రాళ్ళ మీదికి వెళ్ళాను. పెద్ద బాబా ప్రతిసారీ డబ్బా తెరిచి, ప్లాస్టిక్ చేపల్లో ఒకటి పైకెత్తి, దీని సంగతి తెలుసా అన్నట్టు కనుబొమలు ఎగరేసి నా మొహంలోకి చూసేవాడు. నేను తెలుసు బాబా అని తల ఊపేవాణ్ణి. ఆయన కాసేపు అలాగే చూసి, సరే అని తీగకు కట్టుకునేవాడు.

ఆయన పోయాక, మూడు రోజుల పరామర్శలు ముగిసి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, గిన్నెలు తుడుస్తూ అక్క ఆనాటి మాట చెప్పింది. వీడికి ఏమీ రాదు, పంపేసి ఇంకొకణ్ణి తెప్పిస్తానని కఫీల్ అన్నాడట. దానికి ముసలాయన, ఏమీ రాదని నాకు మొదటి రోజే తెలుసు, ముందు వచ్చినవాళ్ళిద్దరూ నీకు చేతకాదంటూ నా చేతిలోంచి కడ్డీ లాక్కున్నారు, వీడు లాక్కోడు, వీడే ఉంటాడు, ఖలాస్ అన్నాడట. నాకు తెలిసినట్టు వాడికి చెప్పకు, సిగ్గుపడతాడని అక్క దగ్గర మాట కూడా తీసుకున్నాడట. తొమ్మిదేళ్ళ భయం అంతా ఉత్తదేనని తెలిసి, నేనూ ఒక గుడ్డ తీసుకుని ఆమె పక్కన గిన్నెలు తుడిచాను.

ఇప్పటి పిల్లలు నయం. మా తమ్ముడి కొడుకు నాకు తెలీదు పెదనాన్నా అని దర్జాగా అంటాడు, ఫోనును అడుగుతాడు, నన్ను అడుగుతాడు, సిగ్గూ లేదు భయమూ లేదు. ఏజెంట్లు వాళ్ళకు ఏ మంత్రం చెబుతున్నారో గాని అది వీళ్ళకు అంటినట్టు లేదు, చూస్తే ముచ్చటేస్తుంది, లోపల కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది. ఈ వయసులో నన్ను తినేది పోయిన ఆ నిద్రలు కావు. ఒళ్ళు సగం చచ్చిన మనిషి, ఇంట్లో మందు వేసుకున్నావా అని తప్ప ఎవరూ ఏమీ అడగని మనిషి, ఆ డబ్బాలోంచి ఒక్కో చేపా తీసి నాకు చూపించింది నన్ను పరీక్షించడానికి కాదని ఇప్పుడు అర్థమవుతోంది. తొమ్మిదేళ్ళలో ఒక్క శుక్రవారం, తెలీదు బాబా, నేర్పు అని నేను అనుంటే, ఆ ముసలాయన ఎంత సంతోషపడేవాడో.